పన్నెండు ప్రశ్నార్థకాలు

మొన్న సంక్రాంతికి కార్వేటినగరం వెళ్ళినప్పుడు నాయన కంప్యూటర్ నాకు పరీక్ష పెట్టింది. హార్డ్ డిస్క్ పాతబడింది కదా, అంతా ఇంకో డిస్కులోకి ఎక్కిద్దామని ఆయన ఏళ్ళుగా వాడుతున్న బ్యాకప్ ప్రోగ్రాం నడిపాను. స్కాన్ చేస్తూ చేస్తూ సగంలో టపీమని మూసుకుపోయింది. మూడుసార్లు చేశా, మూడుసార్లూ అక్కడే!

మనకి మొదటి అనుమానం హార్డ్‌వేర్ మీదే కదా. చెక్‌డిస్క్ నడిపితే డిస్క్ బాగానే ఉందంది. సరే అని ప్రాసెస్ మానిటర్ పెట్టి చూశా. చచ్చేముందు ఆ ప్రోగ్రాం తెరవబోయిన ఫోల్డర్ పేరు "????????????". పక్కనే, పేరు చెల్లదని ఫలితం. అసలు పేరు "కార్వేటినగరం". లెక్కపెట్టండి: క, దీర్ఘం, ర, పొల్లు, వ, ఏత్వం, ట, గుడి, న, గ, ర, సున్నా. పన్నెండు సంకేతాలు, పన్నెండు ప్రశ్నార్థకాలు.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటు దొరికింది. 1993లో విండోస్ ఎన్‌టీ, దాంతోపాటే ఎన్‌టీఎఫ్‌ఎస్ వచ్చాయి. ఫైళ్ళ పేర్లు యూనికోడ్‌లోనే దాచుకునే ఏర్పాటు అప్పుడే జరిగింది. కానీ పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని రెండు గుమ్మాలు పెట్టారు. ఒకటి యూనికోడ్‌ది, రెండోది పాత కోడ్‌పేజీలది. విండోస్‌లో తెలుగుకి అలాంటి కోడ్‌పేజీ లేదు. అందుకే రెండో గుమ్మంలోంచి వచ్చే ప్రతి తెలుగు సంకేతమూ ప్రశ్నార్థకం అయిపోతుంది. తమాషా ఏమిటంటే, విండోస్‌లో ఫైలు పేరులో ప్రశ్నార్థకం నిషిద్ధం. అంటే సిస్టమ్ తానే ఒక పేరిచ్చి, ఆ పేరుతో తిరిగి అడిగితే చెల్లదంటుంది! ఫోల్డర్ తెరుచుకుందా లేదా అని ప్రోగ్రామర్ చూసుకోకపోతే క్రాషే.

2001లో ఎక్స్‌పీ, గౌతమి ఫాంటుతో తెలుగు తెరమీద కనబడటం మొదలైంది. కనబడటం వేరు, ప్రతి ప్రోగ్రామూ అర్థం చేసుకోవడం వేరు. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుందిగా? 'జ్ఞా'ని, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతంతో కలిపి పంపిస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ సరిచేసింది. అప్పుడు చాలామంది "మీ లిపి కష్టం" అన్నారు. తప్పు లిపిది కాదండీ, పరీక్షించని కోడ్‌ది.

ఇంతకీ ఆ ఫోల్డర్లో ఏముందంటే, వేణుగోపాలస్వామి గుడి ఫొటోలు, మా తాత నోటుబుక్కు స్కాన్ చేసిన పేజీలు. మా ఊరి సంస్థానంలో ఉండి వేణుగోపాలుడి మీద పదాలు కట్టిన సారంగపాణి పదాలు కొన్ని తాత చేత్తో రాసిపెట్టుకున్నాడు. నోటుబుక్కు చెదలు తినేసింది. మిగిలిందల్లా ఆ ఒక్క కాపీ.

"పేరు ఇంగ్లీషులో పెట్టేస్తే సరిపోతుంది నాయనా" అన్నాను అలవాటుగా.

"ఏమిరా, మన ఊరి పేరు తెలుగులో రాసేదే తప్పా?" అన్నాడు.

నోట మాట రాలేదు. పేరు ముట్టుకోకుండా, యూనికోడ్ తెలిసిన రోబోకాపీతో మొత్తం కాపీ చేశా. ఐదు నిమిషాల పని.

ఆఫీసుకొచ్చాక మొదట చేసింది, నేను రాసిన మాడ్యూల్‌కి టెస్ట్ డేటాగా "కార్వేటినగరం" అని ఒక ఫోల్డర్ ఇవ్వడం. అదీ క్రాష్ అయింది! మీ కోడ్‌కి మీ ఊరి పేరు ఎప్పుడైనా ఇచ్చి చూశారా?