అరువు ముఖం, అరువు మీసం

లండన్‌లో క్రేవెన్ రోడ్డు, ఏడో నంబరు ఇల్లు. కాలింగ్ బెల్ నొక్కితే ట్రింగుమనదు, ఎవరి పీకో నొక్కుతున్నట్టు కెవ్వుమంటుంది. తలుపు తీసేవాడు అచ్చం హాలీవుడ్ హాస్యనటుడు గ్రౌచో మార్క్స్‌లా ఉంటాడు. మందపాటి మీసం, చేతిలో చుట్ట. వచ్చినవాళ్లు ఏడుస్తున్నా సరే, ముందు ఒక కుళ్లు జోకు వేయాల్సిందే. లోపల ఎర్ర చొక్కా మీద నల్ల కోటు తొడుక్కున్న కుర్రాడు. స్కాట్లండ్ యార్డ్ కొలువు వదిలేసి దయ్యాలు, పిశాచాల కేసులు చూస్తుంటాడు. ఫీజు మొదట్లో రోజుకు 50 పౌండ్లు, ఖర్చులు అదనం. పేరు డిలన్ డాగ్.

ఇంత ఇంగ్లిషు వాసన కొట్టే ఈ కామిక్ పుట్టిల్లు మాత్రం ఇటలీలోని మిలాన్. సెర్జియో బోనెల్లి సంస్థ 1986 సెప్టెంబరు చివర్లో తొలి సంచికను పేపర్ కొట్లలో పెట్టింది. నలుపు తెలుపు బొమ్మలు, వంద పేజీలకు కాస్త అటూ ఇటూ, నెలకో కథ. రచయిత తిజియానో స్క్లావికి అప్పుడు 33 ఏళ్లు.

స్క్లావి అరువు తేనిది ఏముందో వెతకాలి. హీరో పేరు కవి డిలన్ థామస్‌ది. ముఖం నటుడు రూపర్ట్ ఎవరెట్‌ది: ‘అనదర్ కంట్రీ’ (1984) సినిమాలో అతన్ని చూసి చిత్రకారుడు క్లాడియో విల్లా గీశాడు. వీధి పేరు హారర్ సినిమాల దర్శకుడు వెస్ క్రేవెన్‌ది. కథల్లో కనిపించే పోలీసు ఇన్‌స్పెక్టర్ బ్లాక్ పేరు ‘సైకో’ నవల రాసిన రాబర్ట్ బ్లాక్‌ది. తొలి కథలో లేచి నడిచే శవాలు జార్జ్ రొమేరో సినిమాల్లోంచి వచ్చినవే. చాటుగా చేస్తే దొంగతనం అనేవాళ్లం. ఇక్కడ ఒక్కటీ దాచలేదు. నలుగురి నగలూ అడిగి తెచ్చి పెళ్లికూతురికి పెట్టినట్టుంది. పెళ్లికూతురు మాత్రం సొంత పిల్లే.

ఎందుకంటారా? ఈ దయ్యాల డిటెక్టివ్‌కి ఎత్తంటే భయం, గబ్బిలాలంటే భయం. ఒకప్పటి తాగుబోతు, ఇప్పుడు చుక్క ముట్టడు. దాదాపు ప్రతి నెలా ప్రేమలో పడతాడు, మరుసటి నెలకు మళ్లీ ఒంటరి. దిగులు పుడితే క్లారినెట్ వాయిస్తాడు, లేదంటే బల్ల మీది బొమ్మ తెరచాప ఓడకి నాలుగు పుల్లలు అతికిస్తాడు. ఆ ఓడ ఓ పట్టాన పూర్తికాదు. 1990ల మొదట్లో ఇటలీ కుర్రకారు ఇతగాడి కోసం ఎగబడ్డారు. పండితుడు ఉంబెర్టో ఈకో కూడా అభిమానే. 136వ సంచికలో ఆయన్ని ‘హంబర్ట్ కో’ అనే ప్రొఫెసర్‌ని చేసి కథలోకి లాగారు.

అరువు సొమ్ము అన్నాక అడిగేవాళ్లు ఊరుకోరుగా. 1999లో అమెరికాలో డార్క్ హార్స్ సంస్థ ఇంగ్లిషులో వేసినప్పుడు హక్కుల తగాదా వస్తుందని పాపం గ్రౌచో మీసం చెరిపేశారు, పేరు ఫీలిక్స్‌గా మార్చారు. మీసం లేని గ్రౌచో ఏం గ్రౌచో! 2011లో విడుదలైన హాలీవుడ్ సినిమా అయితే లండన్‌నే వదిలేసి న్యూఆర్లీన్స్‌కి కాపురం మార్చింది, గ్రౌచోనీ తప్పించింది. అది చూడకపోయినా నష్టం లేదు. అంతకుముందు 1994లో స్క్లావి రాసిన వేరే నవల ‘దెల్లామోర్తె దెల్లామోరె’ను సినిమాగా తీసినప్పుడు హీరోగా వచ్చింది సాక్షాత్తూ రూపర్ట్ ఎవరెట్. ముఖం అప్పిచ్చినవాడే వచ్చి నటించి వెళ్లాడన్నమాట.

400వ సంచిక కూడా వచ్చేసింది. అన్నిట్లోకీ నేను ఎవరికైనా ముందు చేతికిచ్చేది 1993 జూన్ నాటి 81వ సంచిక, ‘జానీ ఫ్రీక్’. జానీకి వినపడదు, మాట రాదు, రెండు కాళ్లూ లేవు. జబ్బుపడ్డ ఇంకో కొడుకుని బతికించుకోడానికి కన్నవాళ్లే వాణ్ని ఇంట్లో బంధించి, విడిభాగాల కొట్టులా వాడుకున్నారు. ఆ పిల్లవాణ్ని డిలన్ ఇంటికి తెచ్చుకుంటాడు. జానీ బొమ్మలు గీస్తాడు. ఆ కథలో డిలన్ ఫీజు అడగడు. అడగడానికి అక్కడ ఎవరున్నారు?