ఫ్యూజు అబద్ధం ఆడదు: బెజవాడ కార్లలో పాట కథ

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పాత కారు కొన్నాను. చేతిలో పదివేలున్నాయి. పాటలు బాగా వినపడాలంటే స్టీరియో మార్చాలా, స్పీకర్లు మార్చాలా?" సమాధానం రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ ఆ రెండు ముక్కలు ఎందుకు నిజమో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. వెళ్దాం రండి.

కారులో రేడియో అనేది 1930లో అమెరికాలో బాగా జనంలోకి వచ్చింది. షికాగోలో గాల్విన్ అనే అన్నదమ్ముల కంపెనీ తయారుచేసిన సెట్టు పేరు మోటొరోలా. మనం తర్వాత సెల్‌ఫోన్ల మీద చూసిన పేరు అదే. ఆ రోజుల్లో దాని ఖరీదు వంద డాలర్ల పైమాటే. అంటే కారు కొనడం ఒక ఖర్చు, అందులో పాట పెట్టించడం ఇంకో పెద్ద ఖర్చు. ఈ రెండో ఖర్చుని ఎలా తగ్గించాలా అని మనిషి అప్పట్నుంచీ బుర్ర బద్దలుకొట్టుకుంటూనే ఉన్నాడు.

మన దగ్గరికొద్దాం. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. భక్తిరంజని, పాడిపంటలు, ఉషశ్రీ గారి ధర్మసందేహాలు, ఇవన్నీ కృష్ణా డెల్టా మొత్తం విన్నది మీడియం వేవ్ మీదే. అంబాసిడర్ కారున్న ఇల్లే తక్కువ, అందులో రేడియో ఉన్న కారు ఇంకా తక్కువ. పైగా 1980ల దాకా రేడియోకి లైసెన్స్ ఉండేది, పోస్టాఫీసులో డబ్బు కట్టాలి. ఆ కారు రేడియోకి డాష్‌బోర్డులో ఒకటే స్పీకరు. అది చాలేది కూడా. ఎందుకంటే మీడియం వేవ్‌లో సుమారు 5,000 హెర్ట్జ్ పైన శబ్దం పెద్దగా రాదు. మాట స్పష్టంగా వస్తుంది, తాళాల గలగల రాదు. రాని శబ్దానికి ఖరీదైన స్పీకరు ఎందుకు? అప్పటివాళ్ళు కొనలేదు. ఇది మన మొదటి పాఠం. లోపలికి ఏం వస్తోందో చూసి, బయటికి ఏం పెట్టాలో నిర్ణయించుకోవాలి.

తర్వాత క్యాసెట్ వచ్చింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టింది. మన ఊళ్ళలోకి వరదలా వచ్చింది మాత్రం 1980ల్లో, టీ-సిరీస్ లాంటి కంపెనీలు క్యాసెట్ ధర బాగా తగ్గించాక. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. చిన్న కారు, చవక క్యాసెట్, రెండూ ఒకే కాలంలో మధ్యతరగతి చేతికొచ్చాయి. రేడియోకి ఒక స్పీకరు చాలింది కానీ క్యాసెట్టు స్టీరియో కదా, కుడికి ఒకటి, ఎడమకి ఒకటి కావాలి. గుడివాడ రోడ్డు మీద ట్రాక్టర్లు, బందరు రోడ్డు మీద లారీలు, అన్నిట్లో టేప్‌రికార్డర్ మోగడం మొదలైంది.

కానీ కంపెనీ సెట్టు ఖరీదెక్కువ. అందుకని మన రేడియో మెకానిక్కులు సొంతంగా బోర్డులు కట్టారు. వాటిలో ఎక్కువగా కనపడిన ఐసీ సాన్యో కంపెనీ వారి ఎల్ఏ4440. ఆ కాలంలో సోల్డరింగ్ పట్టుకున్న ఎవరినడిగినా ఈ నంబరు నిద్రలో కూడా చెప్తారు. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద రెండు స్పీకర్లకి ఆరేసి వాట్లు ఇస్తుంది. రెండు భాగాల్నీ జతచేసి ఒకే స్పీకరుకి ఇస్తే సుమారు 19 వాట్లు. అంతే. ఆ ఆరు వాట్లకే ఊరు ఊగిపోయింది.

ఎలాగంటారా? కుండ గుర్తుందా మీకు? మట్టికుండ మూతి మీద స్పీకరు బోర్లించి, ఇంటి దూలానికి వేలాడదీసేవాళ్ళు. చూసినవాళ్ళు నవ్వుకున్నారు గానీ అందులో అసలైన శాస్త్రం ఉంది. స్పీకరు ముందుకి ఎంత గాలిని తోస్తుందో, వెనక్కీ అంతే తోస్తుంది. ఆ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, ముఖ్యంగా డోలు, మృదంగం లాంటి బరువైన శబ్దాల్ని. కుండ ఆ వెనక గాలిని లోపలే ఆపేసింది. ఖర్చు లేకుండా బేస్ వచ్చింది. ఇది రెండో పాఠం. స్పీకరు ఎంత ముఖ్యమో, దాన్ని దేనికి బిగించామన్నదీ అంతే ముఖ్యం.

ఇప్పుడు మా ఇంటి కథ ఒకటి చెప్తాను. మా బాబాయి ఉయ్యూరులో టాక్సీ తిప్పేవాడు, అంబాసిడర్. 1990లు. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే పాటలున్న బండికే ముందు కిరాయి. ఒక షాపులో "500 వాట్లు" అని మెరిసే అక్షరాలతో రాసున్న ఓవల్ స్పీకర్లు, దానికో యాంప్లిఫైయర్ కొన్నాడు. నెల సంపాదన మొత్తం పోయింది. షాపువాడు బ్యాటరీ నుంచి సన్నని వైరు నేరుగా లాగాడు, మధ్యలో ఫ్యూజు పెట్టలేదు. రెండో పెళ్ళికి, పామర్రు దాటాక, వైరు కాలి బండిలో పొగ. పెళ్ళివారు రోడ్డు మీద దిగిపోయారు. ఎవరికీ ఏం కాలేదు, అదే పదివేలు. కానీ కిరాయి పోయింది, బండి పేరూ పోయింది.

బండిని ఆటోనగర్ తీసుకెళ్ళాడు. పటమట పక్కన ఉన్న మన జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టేవాళ్ళ దగ్గర్నుంచి డైనమో చుట్టేవాళ్ళ దాకా దొరకని పనివాడు లేడు. అక్కడ ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, పాత టేపు వెనక ఉన్న ఫ్యూజు ఊడదీసి బాబాయి చేతిలో పెట్టాడు.

"దీని మీద ఎంతుంది చూడవయ్యా."

"పది ఆంపియర్లండీ."

"బ్యాటరీ పన్నెండు వోల్టులు. పది పన్నెండ్లు నూట ఇరవై. లోపలికి వచ్చేదే నూట ఇరవై వాట్లయితే బయటికి ఐదొందలు ఎక్కణ్ణుంచి వస్తాయయ్యా? అట్టపెట్టె అబద్ధం చెప్తుంది. ఫ్యూజు చెప్పదు."

ఈ ఒక్క లెక్క ఇవాళ్టికీ పనిచేస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో దాదాపు 14.4 వోల్టులు ఉంటాయి. 10 ఆంపియర్ల ఫ్యూజు అంటే 144 వాట్లు. అందులో దాదాపు సగం వేడిగా పోతుంది. మిగిలింది నాలుగు స్పీకర్లకి పంచితే తలా 20 వాట్లు, అంతే. డబ్బా మీద "50 వాట్లు ఇంటూ 4" అని ఉంటుంది చూడండి, అది ఒక్క క్షణం దూకే శిఖరం. నిలకడగా ఇచ్చేది ఆ ఇరవయ్యే. వెనకటి ఎల్ఏ4440 ఇచ్చిన 19కి ఇదెంత దగ్గరగా ఉందో చూశారా? అదే పన్నెండు వోల్టుల బ్యాటరీ, అదే నాలుగు ఓమ్‌ల స్పీకరు. కంపెనీ మారినంత మాత్రాన లెక్క మారదు కదా.

కాబట్టి పదివేల ప్రశ్నకి సమాధానం ఇదీ. మీ స్టీరియోలో బ్లూటూత్ పనిచేస్తుంటే దాన్ని ముట్టుకోకండి. ముందు తలుపుల్లోని రెండు స్పీకర్లు మార్చండి. కొనేటప్పుడు వాట్లు చూడకండి, సెన్సిటివిటీ అని డెసిబెల్స్‌లో రాసుంటుంది, అది చూడండి. 87 ఉన్నదాని కంటే 90 ఉన్నది తీసుకుంటే, ఆ మూడు డెసిబెల్స్ తేడా యాంప్లిఫైయర్ శక్తిని రెట్టింపు చేసినదానితో సమానం, అదీ పైసా ఖర్చు లేకుండా. స్పీకరు అంచు ఫోమ్ కాకుండా రబ్బరుది చూసుకోండి. మన డెల్టా తేమకి, బెజవాడ ఎండకి ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది. తర్వాత తలుపు రేకు వణక్కుండా లోపల డ్యాంపింగ్ షీటు అంటించి, పెద్ద కంతలు మూయించండి. అదే మీ కుండ. చివరిది, ఎప్పుడైనా యాంప్లిఫైయర్ పెట్టిస్తే బ్యాటరీ పక్కనే ఫ్యూజు, తగినంత లావు వైరు. ఇందులో మాత్రం బేరం వద్దు.

మా బాబాయికి ఆ పెద్దాయన ఏం చేశాడో చెప్పి ముగిస్తాను. ఆ యాంప్లిఫైయర్ తీసేశాడు. పాత టేపే మళ్ళీ బిగించాడు. ఓవల్ స్పీకర్లు పారెయ్యలేదు, వెనక సీటు వెనకాల పల్చటి అట్ట తీసి, లారీ బాడీల దగ్గర మిగిలిన మందపాటి చెక్క కోయించి, వాటిని దానికి బిగించాడు. ఖర్చు, చెక్క డబ్బులూ టీ డబ్బులూ. ఆ బండి అమ్మేదాకా ఆ పాట అలాగే మోగింది. ఆ ఫ్యూజు మాత్రం బాబాయి చొక్కా జేబులో చాలాకాలం ఉండేది. ఎవరైనా వాట్ల గురించి గొప్పలు చెప్తే తీసి చూపించేవాడు.

మీరూ ఈ ఆదివారం మీ స్టీరియో వెనక ఫ్యూజు ఎంతదో ఒకసారి చూడండి. మళ్ళీ కలుద్దాం. ఉంటానండీ.