ఇరుసులోని అంకె

విజయవాడ ఆటోనగరులో ఒక మరమ్మతు షెడ్డు ముందు మేము ఒకనాడు నిలిచియుంటిమి. అచట ఒక డీజిలు వ్యాను వెనుకభాగము దిమ్మెలపైకి ఎత్తబడియుండెను. దాని యజమాని ముప్పది యేండ్ల యువకుడు. బండి తానే తోలుకొనుచు, సరకు తానే దింపుకొనుచు, నెలనెల అప్పు వాయిదా తీర్చుకొనుచు బ్రతుకువాడు. అతడు మేస్త్రీని ఇట్లడిగెను: "మేస్త్రీగారూ, వెనక క్రౌనూ పినియనూ జత మార్చేస్తే లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కువొస్తాయంటున్నారు. నిజమేనా?"

మేస్త్రీ చేతులు తుడుచుకొని, "అది తర్వాత చెబుతాను గాని, ముందు నీ దారి ఏదో చెప్పు బాబూ" అనెను.

ఆ ఎదురు ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. మోటారు బండ్ల వెనుక ఇరుసుకు సుమారు రెండువందల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో పేరుపొందిన శిల్పులందరును ఏదో ఒక రూపమున ఈ ప్రశ్ననే వేసికొనిరి. ఆ కథను పాఠకులకు క్లుప్తముగా మనవి చేయుదుము.

వ్యాను క్రిందికి వంగి చూచినవారికి వెనుక చక్రముల నడుమ గుమ్మడికాయవలె ఉబ్బిన ఇనుప గుల్ల ఒకటి కనబడును. ఇంజనునుండి వచ్చిన పొడవైన కడ్డీ ఆ గుల్లలో ప్రవేశించును. కడ్డీ కొనయందు చిన్న పండ్లచక్రము ఉండును, అదియే పినియను. అది పళ్లెమువంటి పెద్ద పండ్లచక్రమును త్రిప్పును; అది క్రౌను చక్రము. చిన్నదానికి 10 పండ్లు, పెద్దదానికి 41 పండ్లు ఉన్నవనుకొందము. అప్పుడు ఇరుసు అంకె 4.1 అందురు. అనగా కడ్డీ నాలుగుమార్లకు మించి తిరిగినగాని బండి చక్రము ఒకమారు తిరుగదు.

ఈ అంకె పెరిగినకొలది బండికి లాగుడు పెరుగును, ఇంజనుకు పరుగు పెరుగును. తగ్గినకొలది ఇంజను నింపాదిగా తిరుగును, లాగుడు తగ్గును. బండరాతిని కదల్చువాని చేతి గడ్డపలుగును తలచుకొన్నచో ఈ విషయము తేటపడును. పొడవైన పలుగు పట్టినవాడు చేతిని చాల దూరము ఆడింపవలెను; రాయి కొంచెమే కదలును, కాని తప్పక కదలును. పొట్టి పలుగు పట్టినవానికి చేయి ఆడింపవలసిన దూరము తక్కువ. కాని వాని భుజమునకు బలము కావలెను. పలుగు ఎవరికిని క్రొత్త బలము నీయదు. ఉన్న బలమును ఎట్లు వాడుకొనవలెనో అది నిర్ణయించును. ఇరుసు చేయు పనియు అంతియే.

మొదట శిల్పులను బాధించినది అంకె కాదు, మలుపు. మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవలెను. రెండు చక్రములను ఒకే ఇరుసుకు బిగించినచో ఏదో ఒకటి నేలపై ఈడ్వబడక తప్పదు. ఫ్రాన్సు దేశపు శిల్పి ఒనేసిఫోర్ పెక్కర్ 1828 ప్రాంతమున తన ఆవిరిబండి కొరకు ఈ చిక్కును విడదీసెను. ఒకే శక్తిని రెండు చక్రములకు పంచుచు, అవి వేర్వేరు వేగములతో తిరుగుటకు వీలిచ్చు పండ్లచక్రముల కూర్పు అది. నేడు మనము డిఫరెన్షియల్ అనునది దానినే.

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో శక్తి గొలుసుల ద్వారా వెనుక చక్రములకు చేరెడిది. గొలుసు బండ్లలో ఒక సదుపాయము కలదు. సైకిలు పండ్లచక్రమును మార్చినట్లే దానిని మార్చి, బండిని బరువుకో వేగమునకో అనుకూలపరచవచ్చును. కాని ఆ గొలుసులు దుమ్ములో, బురదలో అరిగెడివి, సాగెడివి, తెగెడివి; చప్పుడు చెప్పనలవి గాకుండెను.

గొలుసును తొలగించిన ఘనతలో పెద్దపాలు లూయీ రెనో అను 21 ఏండ్ల యువకునిది. ఆతడు తాను కట్టిన చిన్న బండిలో ఇంజను శక్తిని కడ్డీ ద్వారా సూటిగా వెనుక ఇరుసునకు పంపెను. 1898 డిసెంబరు 24వ తేదీ రాత్రి పారిస్ నగరమున మాంట్‌మార్ట్ర్ గుట్టపైకి పోవు ర్యూ లెపిక్ అను ఏటవాలు వీధిలో మిత్రుల యెదుట ఆ బండిని ఎక్కించి చూపెను. ఆ రాత్రియే పన్నెండు బండ్లకు బేరము కుదిరినదని ఆ సంస్థ చరిత్ర చెప్పుచున్నది. క్రొత్త ఇరుసు లోకమునకు తన్ను తాను ఋజువు చేసికొన్నది చదునునేలపై కాదు, ఎత్తుపై. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఒకే ఇంజను, రెండు ఇరుసులు అను పాఠమును లోకమునకు నేర్పినవాడు అమెరికాలో హెన్రీ ఫోర్డు. 1908లో వెలువడిన ఆతని టి-నమూనా కారునకు సుమారు 20 అశ్వశక్తుల ఇంజను ఉండెను. దాని ఇరుసులో పినియనుకు 11, క్రౌనుకు 40 పండ్లు, అంకె 3.64. ఒక టన్ను బరువు మోయుటకై 1917లో వచ్చిన టి.టి. లారీలో పెట్టినది అదే ఇంజను. కాని ఇరుసు అంకె 7.25. త్వరపడువారికి 5.17 అంకెగల మరియొక జతయు దొరకెడిది. మొదటి జతతో గంటకు 15 మైళ్లు, రెండవదానితో 22 మైళ్లు మించరాదని ఫోర్డు సంస్థ సలహా ఇచ్చెను. ఇంజనును ముట్టకయే కారు లారీ అయినది. నాటినుండి నేటివరకు బండ్ల యజమానులు పండ్లజత మార్చి అదృష్టము మార్చుకొన జూచుట మానలేదు.

పండ్లచక్రముల రూపము కూడ ఈ లోపల మారినది. తిన్నని పండ్లు ఒకదానినొకటి ఒక్కసారిగా తాకుటచే మ్రోత పుట్టెడిది. అమెరికాలో రాచెస్టరు పట్టణపు గ్లీసన్ సంస్థ వంపు పండ్లు కోయు యంత్రమును నిర్మింపగా, 1913లో ప్యాకార్డు కార్లలో ఆ వంపు పండ్లు ప్రవేశించెను. అవి క్రమముగా ఒరసికొనుచు కలిసికొనుటచే మ్రోత తగ్గెను. 1920ల నడుమ అదే సంస్థ పినియనును క్రౌను నడిమి గీతకంటె క్రిందుగా అమర్చు హైపాయిడ్ పద్ధతిని కనుగొనెను. దానివలన కడ్డీ క్రిందికి దిగెను, పినియను లావై గట్టిపడెను. కాని పండ్ల మధ్య జారుడు పెరుగుటచే మామూలు కందెన చాలక, తీవ్రమైన ఒత్తిడికి తాళు ప్రత్యేకమైన నూనె కావలసివచ్చెను. ఒక సుఖము నిచ్చునపుడు యంత్రము మరియొక పన్ను వసూలు చేయక విడువదు.

ఇక డీజిలు కథ. రుడాల్ఫ్ డీజిల్ 1892లో తన భావనకు పేటెంటు కోరెను. 1897లో ఆగ్స్‌బర్గు నగరమున ఇంజనును నడిపి చూపెను. చమురులోని వేడిలో నూటికి సుమారు 26 పాళ్లు అది పనిగా మార్చినది. ఆనాటి ఆవిరి యంత్రములు దానికి చాల వెనుకబడియుండెను. 1913లో డీజిల్ ఇంగ్లండునకు పోవుచు నడిసముద్రమున ఓడనుండి అదృశ్యుడయ్యెను. తన ఇంజను రోడ్డు బండ్లలో విరివిగా వాడుకలోనికి వచ్చుట ఆతడు చూడలేదు. 1920లలో జర్మనీలో డీజిలు లారీలు వచ్చినవి. 1936లో మెర్సిడిస్ 260 డి కారు వచ్చినది. పెట్రోలు ఇంజనుకంటె ఇది బరువైనది, నెమ్మదియైనది. పెట్రోలు బండి ఇరుసుపై దీనిని పెట్టినచో బండి మందగించును. అందుచే డీజిలుతోపాటు తక్కువ అంకెగల ఇరుసు అవసరమయ్యెను.

1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు ఎగుమతులను బిగించెను. పీపా ధర సుమారు మూడు డాలర్లనుండి కొద్ది నెలలలోనే పన్నెండు డాలర్ల సమీపమునకు ఎగబ్రాకెను. అప్పుడు రెండు పనులు జరిగినవి. కర్మాగారములు ఇరుసు అంకెను తగ్గించుట ఆరంభించెను. అమెరికా ప్రభుత్వము 1974 జనవరిలో చట్టము చేసి, రహదారులపై గంటకు 55 మైళ్లు మించరాదనెను. మొదటిది ఇరుసుకు చేసిన వైద్యము, రెండవది డ్రైవరు పాదమునకు చేసిన వైద్యము. తరువాత ఇంజనులు బలపడెను. 1984లో ఫోర్డు ట్రాన్సిట్ వ్యానుకు చమురును సూటిగా సిలిండరులోనికి చిమ్ము 2.5 లీటర్ల డీజిలు ఇంజను వచ్చినది. టర్బోలు, విద్యుత్ నియంత్రణలు వచ్చి, తక్కువ తిరుగుడులోనే ఎక్కువ లాగుడు లభించుటచే, 2010ల నాటికి దూరప్రయాణపు పెద్ద లారీలలో ఇరుసు అంకె 3కు దిగువకు దిగినది. అనగా భుజమునకు బలము వచ్చిన పిమ్మటనే పలుగు పొట్టిదైనది. ఈ క్రమమును మరచి పలుగును మాత్రము కుదించువాడు నష్టపోవును.

ఇప్పుడు ఆటోనగరు యువకుని లెక్కకు వత్తము. చక్రము చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకొందము. టాపు గేరులో కడ్డీయు ఇంజనును సమముగా తిరుగునవి. గంటకు 80 కిలోమీటర్ల వేగమున చక్రము నిమిషమునకు సుమారు 606 మార్లు తిరుగును. ఇరుసు అంకె 4.1 అయినచో ఇంజను సుమారు 2,480 మార్లు తిరుగవలెను, 3.7 అయినచో 2,240 చాలును. తిరుగుడు పదింట ఒకవంతు తగ్గినది. అందుచే డీజిలు ఖర్చును పదింట ఒకవంతు తగ్గునని పలువురు భ్రమపడుదురు. అది సరికాదు. గాలిని చీల్చుకొనిపోవుటకును, టైర్ల ఒరపిడిని జయించుటకును కావలసిన పని మారలేదు. తగ్గినది ఇంజను లోపలి ఒరపిడి మాత్రమే. పెట్రోలు ఇంజను గాలిని మూతతో బిగించుకొని పీల్చును గనుక, నెమ్మదిగా తిరిగినపుడు దానికి ఆ పీల్పు శ్రమయు తగ్గును. డీజిలుకు అట్టి మూత మొదటినుండియు అక్కరలేదు గనుక, ఆ లాభము దానికి ముందే జమపడియున్నది. కనుక డీజిలు వ్యానుకు మిగులునది పదింట ఒకవంతుకంటె చాల తక్కువ.

నష్టమో, ప్రతి గేరులోను పూర్తిగా లెక్కకు వచ్చును. లాగుడు పదింట ఒకవంతు తగ్గును. బరువుతో అనంతగిరి మీదుగా అరకు ఎక్కువాడు గేరు ముందుగానే దింపవలసివచ్చును. దింపక మొండికి పోయినచో ఇంజను ఒగర్చును, నల్లని పొగ వచ్చును, బేరింగులు దెబ్బతినును. ఎత్తుపై ఆగి బయలుదేరునపుడు క్లచ్చి కాలును. దిగునపుడు భయము మరియు పెద్దది. అదే గేరులో ఇంజను బండిని పట్టి నిలుపు బలము తగ్గును గనుక, ఆ భారము బ్రేకులపై పడును. కనుమదారిలో బ్రేకులు వేడెక్కుటయన నేమో ఆ దారిని ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

మరియొక చిక్కు కలదు. పలు పాత వ్యానులలో కిలోమీటర్ల లెక్క గేరుపెట్టె వెనుకనుండి వచ్చును. ఇరుసు మార్చిన పిమ్మట బండి 100 కిలోమీటర్లు పోయినను మీటరు 90 మాత్రమే చూపును. లీటరు లెక్క కట్టినవాడు లాభము కలిగినను నష్టమనుకొనును. వేగమును తక్కువగా చదివి హెచ్చుగా తోలును. దానిని సరిచేయించుకొనకుండ ఏ లెక్కయు నమ్మరాదు. క్రౌను, పినియను జతగా ఒరసి తయారైనవి. ఒకదానిని విడిచి ఒకటి మార్చరాదు. పండ్లకు రంగు పూసి, త్రిప్పి, అంటిన జాడ చూచి, సందును సరిపెట్టగల చేయి కావలెను. లేనిచో కొద్ది నెలలలోనే ఇరుసు ఏడ్చుట ఆరంభించును.

ఇట్లన్నంత మాత్రమున పండ్లజత మార్పు దండుగ యని మేము అనము. తేలికయగు సరకుతో, చదునైన జాతీయ రహదారిపై, రోజంతయు ఒకే వేగమున పోవువానికి అది న్యాయమైన పొదుపు. అయితే ఆ పొదుపులో పెద్దభాగమును ఖర్చు లేకుండ పొందు మార్గము ఒకటి కలదు. 80కి బదులు 72 కిలోమీటర్ల వేగమున పోయినచో పాత ఇరుసుతోనే ఇంజను తిరుగుడు అదే 2,240కి దిగును. అంతేకాదు, గాలి అడ్డు వేగపు వర్గమును బట్టి మారును గనుక, అది నూటికి 19 పాళ్లు తగ్గును. ఇరుసు మార్పు ఈ రెండవ లాభము నీయలేదు. 1974 నాటి అమెరికా చట్టములోని సారము ఇదియే. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని మన పెద్దలు ఏనాడో అనిరి.

ఆనాడు మేస్త్రీ అడిగినదానికి ఆ యువకుడు, వారములో నాలుగు రోజులు హైదరాబాదు దారి, రెండు రోజులు అరకు కనుమ అని బదులు చెప్పెను. మేస్త్రీ కొంతసేపు మాటాడలేదు. పిదప టైర్లలో గాలి కొలిచెను, గాలివడపోతను విప్పి దులిపెను, వెనుక చక్రమును చేతితో త్రిప్పి బ్రేకు పట్టుచున్నదని చూపెను. "ముందు ఇవి బాగుచేద్దాం. హైదరాబాదు దారిలో కాస్త నెమ్మదిగా తోలు. నెల రోజులు లెక్క రాసుకుని రా. అప్పటికీ మార్చాలనిపిస్తే మారుద్దాం" అని గుల్ల మూత బిగించెను.

యువకుని ముఖమున కొంత నిరాశ కనబడినది. కాని ఆ నెల వాయిదా సొమ్ము అతని జేబులోనే నిలిచినది. బండి దిమ్మెలపైనుండి దిగెను; అదే పాత అంకెతో రోడ్డెక్కెను.