శాలువ కప్పిన గురువు

గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతముల వారికి మంత్రాలయము పొరుగూరు వంటిది. తుంగభద్రాతీరమున రాఘవేంద్రస్వామి బృందావనము ముందు నిలిచి కోరికలు విన్నవించుకొనువారు అసంఖ్యాకులు. ఆ స్వామి మొదట ఒక శిష్యుడు, పిమ్మట ఒక పేదపంతులు, అటుపైననే గురువు అన్న సంగతిని తలచుకొనువారు కొందరే. ఆ సంగతినే నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము.

స్వామి పూర్వాశ్రమనామము వేంకటనాథుడు. 1595 ప్రాంతమున తమిళదేశమందలి భువనగిరిలో జన్మించినాడు. తండ్రి తిమ్మణ్ణభట్టు చిన్ననాడే గతించగా, మధురలోని బావగారు లక్ష్మీనరసింహాచార్యులు చేరదీసి చదువు చెప్పినారు. ఉన్నతవిద్యకై ఆ బాలుడు కుంభకోణమున సుధీంద్రతీర్థుల మఠము చేరినాడు. సుధీంద్రులు స్వయముగా విజయీంద్రతీర్థుల శిష్యులు. ఒకరు పెట్టిన దీపమునే మరియొకరు కాపాడుచు వచ్చినారన్నమాట.

అచ్చటి ముఖ్యపాఠము జయతీర్థుల న్యాయసుధ. అది మిక్కిలి కఠినమైన గ్రంథము. సంప్రదాయము ఒక కథ చెప్పుచున్నది. సహాధ్యాయులు కొందరు వేంకటనాథుడు రాత్రులు చదువక నిద్రించునని ఫిర్యాదు చేసినారట. ఒక రాత్రి గురువు తామే వెళ్ళి చూచినారు. శిష్యుడు నేలమీద నిద్రించుచున్నాడు, ప్రక్కనే తాటాకులపై న్యాయసుధకు అతడు వ్రాసిన వివరణ ఉన్నది. గురువు ఆ ఆకులు చదివి, అతనిని లేపక, తమ శాలువ కప్పి, ఆకులను తీసుకొని పోయినారు. మరునాడు అందరి యెదుట ఆ రచనను మెచ్చి పరిమళమని పేరు పెట్టినారు. కథలో ఎంత చరిత్ర యున్నను లేకున్నను, పరిమళమను ఆ వ్యాఖ్య నేటికిని పఠనపాఠనములలో ఉన్నది.

తరువాతి ఘట్టము ఇంత మధురము కాదు. వేంకటనాథుడు వివాహము చేసికొని, పిల్లలకు పాఠములు చెప్పుచు, ప్రతిఫలము అడుగక, కటికపేదరికమున బ్రతికినాడు. వృద్ధులైన సుధీంద్రులు పీఠము స్వీకరింపుమనగా అతడు వెనుకాడినాడు. భార్య సరస్వతి, కుమారుడు లక్ష్మీనారాయణుడు ఏమగుదురు? సమాధానము సులభము కాదు. చివరకు కుమారునికి ఉపనయనము చేసి, 1620ల ఆరంభమున తంజావూరులో సన్న్యాసము స్వీకరించినాడు. భార్య ఆ వియోగమును భరింపలేక మరణించినదని సంప్రదాయమే చెప్పుచున్నది. మహనీయుల చరిత్ర చెప్పునప్పుడు ఈ మాటను దాటిపోవుట మాకు న్యాయమనిపించదు. ఒకరు పదిమందికి గురువగుటకై ఇంటివారు మూల్యము చెల్లించినారు.

గురువైన రాఘవేంద్రులు చేసినదేమి? తాము శిష్యులుగా పడిన శ్రమ ఇతరులకు తగ్గించినారు. ఉపనిషత్తులకు ఖండార్థములు వ్రాసినారు. అనగా వాక్యమును ముక్కలుగా విడదీసి, నేర్చువానికి అందునట్లు అర్థము చెప్పుట. ఆదోని పాలకుడు సిద్ధి మసూద్‌ఖాన్ ఇచ్చిన మంచాల గ్రామమే నేటి మంత్రాలయము. అచ్చటనే 1671లో బృందావనప్రవేశము చేసినారు. పీఠము అప్పటికే సిద్ధమైయున్న శిష్యుడు యోగీంద్రతీర్థులకు సంక్రమించినది.

ఈ పద్ధతి మఠములకే పరిమితము కాదు. మా ప్రాంతపు చేనేత యిండ్లలో పిల్లవాడు పెద్దల ప్రక్కన కూర్చుండి తెగిన పోగు అతుకుట మొదట నేర్చును. పిమ్మట పడుగు, పేక, చివరకు మగ్గము. పెద్దవాడు పొరపాటును చూచియు కొంతసేపు ఊరకుండును, చేయి దానంతటది దిద్దుకొనవలెనని. ఆ ఓర్పు లేనియెడల పని నేర్చినవాడు పెద్దవానితోనే ముగిసిపోవును.

మీ యింటనో, మీ కచేరీలోనో, మీ బడిలోనో రాత్రి ప్రొద్దుపోవువరకు ఒంటరిగా కష్టపడువాడు ఒకడుండవచ్చును. నిద్రపోవుచున్నాడన్న ఫిర్యాదును నమ్ముటకు ముందు, అతని ప్రక్కనున్న ఆకులు ఒక్కసారి చదివి చూడుడని మా మనవి.