హాలోవీన్ 3: సీజన్ ఆఫ్ ది విచ్

1982 అక్టోబర్ 22న అమెరికాలో విడుదలైన హారర్ చిత్రం. హాలోవీన్ వరుసలో మూడోది. ఆ వరుసకు పేరు తెచ్చిన మాస్కు హంతకుడు మైకేల్ మైయర్స్ ఈ కథలో లేడు. నాలుగు దశాబ్దాలుగా అభిమానుల మధ్య నలుగుతున్న తగవంతా దాని గురించే.

జాన్ కార్పెంటర్ 1978లో సుమారు 3 లక్షల డాలర్లతో తీసిన తొలి హాలోవీన్ కోట్లు రాబట్టింది. 1981లో వచ్చిన రెండో భాగం చివర మైకేల్ మంటల్లో పడ్డాడు. మూడోదానికి నిర్మాతలుగా ఉండమని అడిగినప్పుడు, మళ్లీ అదే హంతకుడైతే కుదరదన్నారు కార్పెంటర్, తొలి చిత్ర నిర్మాత డెబ్రా హిల్. పండుగ ఒక్కటే ఉమ్మడిగా ఉంచి, ఒక్కో భాగంలో ఒక్కో కొత్త కథ చెప్పాలనుకున్నారు.

దర్శకత్వం టామీ లీ వాలెస్‌కు అప్పగించారు. తొలి చిత్రంలో స్టార్ ట్రెక్ కెప్టెన్ కిర్క్ మాస్కుకు తెల్లరంగు పూసి, కంటి రంధ్రాలు పెద్దవి చేసి మైకేల్‌కు ముఖమిచ్చింది ఆయనే. స్క్రిప్టు మొదట రాసినది బ్రిటిష్ రచయిత నైజెల్ నీల్. తర్వాత అందులో రక్తపాతం పెంచడం నచ్చక తన పేరు తీయించుకున్నాడు.

కథలో కోనల్ కాక్రన్ అనే బొమ్మల వ్యాపారి పిల్లలకు మాస్కులు అమ్ముతాడు. హాలోవీన్ రాత్రి టీవీలో ప్రకటన రాగానే అవి ప్రాణం తీస్తాయి. ఒక దృశ్యం ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడిపిస్తుంది. కంపెనీ మాస్కులు అందరికంటే ఎక్కువగా అమ్మిన సేల్స్‌మన్‌ను భార్యతో, కొడుకుతో సహా ఫ్యాక్టరీకి పిలిచి, ఒక గదిలో టీవీ ముందు కూర్చోబెడతారు. గుమ్మడికాయ మాస్కు తొడుక్కున్న పిల్లాడు ప్రకటన చూస్తూ చూస్తూ కుప్పకూలతాడు. మాస్కులోంచి పురుగులు, పాములు బయటికొస్తాయి. పిల్లల చేత పాట పాడించి సరుకు అమ్ముకునే వ్యాపారం మీద ఇంత కోపంగా తీసిన హారర్ సినిమాలు అరుదు. డీన్ కండీ కెమెరా, కార్పెంటర్–అలన్ హోవర్త్ సింథసైజర్ సంగీతం ఆ కోపానికి తోడయ్యాయి.

లోపాలూ ఉన్నాయి. అమెరికా రెండు తీరాలకూ మూడు గంటల తేడా ఉండగా, ప్రకటన దేశమంతటికీ ఒకేసారి రాత్రి 9 గంటలకు ఎలా చేరుతుందో కథ పట్టించుకోదు. మాస్కుల మాయకు మూలమైన పెద్ద రాయిని ఇంగ్లండ్‌లోని ప్రాచీన శిలాకట్టడం స్టోన్‌హెంజ్ నుంచి ఎలా ఎత్తుకొచ్చారో కూడా చెప్పదు.

సుమారు 25 లక్షల డాలర్ల ఖర్చుకు 1.44 కోట్ల డాలర్ల వసూళ్లు వచ్చాయి. నష్టమేమీ లేకపోయినా, ముందటి రెండింటి కంటే బాగా తక్కువ. మైకేల్ కోసం వచ్చిన ప్రేక్షకులు మోసపోయామనుకున్నారు. ఆ అసంతృప్తికి సినిమా కంటే దాని పేరు మీది అంకెదే ఎక్కువ బాధ్యత. ఒక్కో భాగానికి ఒక్కో కథ అన్న ఆలోచన అంతటితో ఆగిపోయింది. 1988లో వచ్చిన నాలుగో భాగం పేరులోనే మైకేల్ పునరాగమనాన్ని చాటారు.

వీడియో క్యాసెట్లు, టీవీ ప్రసారాల ద్వారా చూసిన తర్వాతి తరాలు దీన్ని అక్కున చేర్చుకున్నాయి. 2018 నాటి హాలోవీన్‌లో పిల్లలు ఈ చిత్రంలోని మాస్కులు తొడుక్కుని కనిపిస్తారు. 2022లో వచ్చిన హాలోవీన్ ఎండ్స్ టైటిల్ అక్షరాలను ఈ చిత్రంలోని నీలిరంగు అక్షరాల తీరులోనే వేశారు.