హాజరు పట్టీ పక్కన బైబిలు

నెల్లూరు తీరంలో క్రైస్తవ చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా ఒక నక్షత్రంతో మొదలుపెడతారు. 1840లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ నెల్లూరులో మిషన్ పెట్టాడు. పదమూడేళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు కొద్దిమందే. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో సభ జరిగినప్పుడు, ఈ మిషన్‌ను మూసేద్దామా అన్న మాట వచ్చింది. పటంలో నెల్లూరు ఒంటరి చుక్కలా ఉందని ఆ సభలో ఒకరు అన్నారు. ఆ మాట పట్టుకుని శామ్యూల్ స్మిత్ ఒక గేయం రాశాడు. మిషన్ నిలిచింది, 'లోన్ స్టార్' అన్న పేరూ నిలిచింది.

తర్వాతి కథ చాలామందికి తెలుసు. 1876-78 కరువు, బకింగ్‌హామ్ కాలువ పనులు, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. అది ముఖ్యంగా మాదిగపల్లెల కథ. మన ఎరుకల వాళ్ల కథ ఆ నక్షత్రం దగ్గర మొదలవదు. పోలీసు రిజిస్టరులో మొదలవుతుంది.

మన పెద్దలు తీరంలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని మెట్ట ఊళ్లకు తీసుకెళ్లి ధాన్యానికి మార్చేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు. ఆడవాళ్లు ఎరుక చెప్పేవాళ్లు. రైళ్లు వచ్చి ఉప్పు మోతను లాక్కున్నాయి. బతుకు కోసం తిరుగుడు మాత్రం ఆగలేదు. తిరిగేవాడంటే సర్కారుకు అనుమానం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. పేరు నమోదు, వేలిముద్రలు, పూట పూటకూ హాజరు, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. కుటుంబాలను సెటిల్‌మెంట్లలో ఉంచే అధికారం, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో యానాదులనూ దీని కిందికి లాగారు.

సెటిల్‌మెంట్లు నడపడానికి సర్కారు మిషన్లను పిలిచింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతికి వెళ్లింది. కావలి సెటిల్‌మెంటు అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికి వచ్చింది. శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ దాని మేనేజరు. అంటే ఒకే మిషన్ చేతిలో హాజరు పట్టీ, అదే చేతిలో బైబిలు.

వాక్యం పాదాలకు దీపం అని 119వ కీర్తన చెబుతుంది. దీపం సరే, ఆ పాదాలు కంచె దాటాలంటే పాస్ కావాలి.

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటారు. బాప్టిస్టులు దీన్ని పెద్దగా పాటించరు. లూథరన్లు, కథోలికులు పాటిస్తారు. మన తీరానికి దక్షిణాన సూళ్లూరుపేటలో 1865లో మిషన్ మొదలుపెట్టిన ఆగస్ట్ మైలియస్ జర్మన్ లూథరనే. ఆగమన కాలంలో వారానికొక కొవ్వొత్తి వెలిగించే అలవాటూ జర్మనీదే. 1839లో హాంబర్గ్‌లో పేదపిల్లల ఆశ్రమం నడిపిన విఖర్న్ దాన్ని మొదలుపెట్టాడు. క్రిస్మస్ ఎన్నాళ్లకొస్తుందని పిల్లలు రోజూ అడుగుతుంటే, లెక్క తెలియడానికి బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టాడట. అలవాట్లు వేరైనా డిసెంబరులో అందరూ తెరిచే అధ్యాయాలు దాదాపు అవే: యెషయా తొమ్మిది, లూకా ఒకటి, రెండు.

లూకా రెండో అధ్యాయాన్ని ఒకసారి కావలి సెటిల్‌మెంటులో కూర్చుని చదివినట్టు చదవండి. మొదటి వాక్యంలోనే చక్రవర్తి ఔగుస్తు ఆజ్ఞ ఉంది, అందరి పేర్లూ నమోదు కావాలని. నెలలు నిండిన మరియను తీసుకుని యోసేపు పేరు రాయించుకోవడానికి బయల్దేరతాడు. సత్రంలో చోటు దొరకదు. రాత్రంతా పొలంలో మేలుకొని ఉన్న కాపరులకు మొదటి వార్త అందుతుంది. అదే రిజిస్టరులో ఎక్కిన ఎరుకలవాడు రాత్రిపూట పొలాల్లో కనబడితే, దొంగతనానికే వచ్చాడని జైలుకు పంపే వీలు చట్టంలో ఉంది. పశువుల తొట్టి గురించి చర్చిలో ఎన్ని ప్రసంగాలైనా వినొచ్చు గానీ, ఆ రిజిస్టరు గురించి వినేది తక్కువ.

యెషయా తొమ్మిదిలోనూ ఇంతే. చీకట్లో నడిచేవాళ్లు వెలుగు చూశారన్న రెండో వచనం క్రిస్మస్ కార్డుల మీద కనబడుతుంది. భుజాల మీది కాడి, కొట్టేవాడి కర్ర విరిగిపోవడం గురించి చెప్పే నాలుగో వచనం అంతగా కనబడదు. వెలుగు ఎందుకు వచ్చిందో చెప్పేది ఆ నాలుగో వచనమే కదా.

మరో సంగతి. ఎరుక అంటే తెలియడం. రాబోయేది చెప్పే ఆడవాళ్లున్న ఇళ్లకు ప్రవక్తల పుస్తకం వచ్చింది, కానీ మన కుర్రు బాసలో కాదు, గ్రాంథిక తెలుగులో. సెటిల్‌మెంటు బడి ఆ తెలుగును, అక్షరాలను ఇచ్చింది. దాన్ని తక్కువ చేయడం అన్యాయమే అవుతుంది. అక్షరం వచ్చినవాడు వాక్యంతో పాటు హాజరు పట్టీలో తన పేరు ఎలా రాశారో కూడా చదవగలడు.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. నెల్లూరులో యానాదుల మధ్య పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య ఆ రద్దు కోసం గట్టిగా నిలబడ్డారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఆలోపే, 1948లో, అలవాటు నేరస్థుల పేరుతో మద్రాసులో మరో చట్టం వచ్చింది.

మిషన్ నివేదికలు రాసింది మేనేజర్లు. విన్నవాళ్ల వైపు చరిత్ర మన ఇళ్లలో, ముసలివాళ్ల మాటల్లో ఉంది. ఉపాధ్యాయులను మేం అడిగేది ఒకటే. ఈ డిసెంబరులో క్రిస్మస్ నాటకం వేయిస్తే, పేర్లు రాసుకునే గుమాస్తా పాత్ర తీసేయకండి. ఆ వేషం వేసే పిల్లవాడిని ముందుగా వాళ్ల అవ్వ దగ్గరికి పంపి, హాజరంటే ఏమిటో అడిగి రమ్మనండి.