రాగిరేకు మీద బాతులు

సర్వీసంతా కాగితాలకు నంబర్లు వేసిన చేయి నాది. అందుకేనేమో, నంబరు వేసి అమ్మే బొమ్మల సంగతి నన్ను ఆకర్షించింది. అమెరికాలో మా అబ్బాయి వేట దృశ్యాల ఎచింగులు సేకరిస్తాడు. అక్కడున్న ఆరు నెలలూ వాటి చరిత్ర చదవడమే నా పని.

రాగిరేకుకు మైనం వంటి పూత పూసి, సూదితో బొమ్మ గీసి, ఆమ్లంలో ఉంచుతారు. గీత పడ్డచోట ఆమ్లం రాగిని తినేస్తుంది. ఆ గాళ్ళలో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం పరచి యంత్రంలో గట్టిగా నొక్కితే బొమ్మ కుడి ఎడమలు తారుమారై దిగుతుంది. డ్రైపాయింట్ అని మరో పద్ధతి ఉంది. అందులో ఆమ్లం లేదు, రాగినే సూదితో గీకుతారు. గీత పక్కన లేచిన గరుకు సిరాను పట్టి నల్లని మెత్తదనం ఇస్తుంది గాని, కొన్ని పదుల ప్రతులకే అణగిపోతుంది. అంటే ప్రతుల సంఖ్యకు మొదట హద్దు పెట్టింది రాగే. 19వ శతాబ్దంలో రేకుకు పల్చని ఇనుప పూత వేయడం వచ్చాక వందల ప్రతులు తీయడం సాధ్యమైంది. అప్పటినుంచి హద్దు మనిషి మాట మీద నిలిచింది.

అమెరికాలో ఈ వేట బొమ్మలకు పెద్ద పేరు ఫ్రాంక్ వెస్టన్ బెన్సన్ (1862–1951). మసాచుసెట్స్‌లోని సేలం ఆయన ఊరు. చిత్రకారుడిగా పేరు వచ్చాక, 1912లో, ఏభయ్యో ఏట ఎచింగు గట్టిగా పట్టుకున్నాడు. మనం రిటైర్మెంటుకు రోజులు లెక్కపెట్టే వయసది! స్వయంగా వేటగాడు గనుక నీటిమీదికి దిగే బాతు రెక్క ఎలా వంగుతుందో ఆయనకు తెలుసు. మూడు వందలకు పైగా రేకులు చేశాడు. 1920లలో ఎచింగుల కోసం జనం ఎగబడ్డారు. బొమ్మ నచ్చి కాక, ధర పెరుగుతుందని కొన్నవాళ్ళూ ఉన్నారు. 1929 పతనంతో ఆ బజారు కూలింది.

1934లో అక్కడి ప్రభుత్వం బాతుల వేటగాళ్ళకు ఒక డాలరు బిళ్ళ తప్పనిసరి చేసింది. ఆ డబ్బు పక్షులుండే నీటి తావుల రక్షణకు. 1935 నాటి రెండో బిళ్ళకు బొమ్మ గీసింది బెన్సనే. వేటాడేవాడి చేతనే పక్షికి చెరువు కొనిపించారన్నమాట. ఇంత తెలివైన జి.ఓ. నా సర్వీసులో నేను చూడలేదు.

ఇక నంబరు సంగతి. 5/50 అని పెన్సిలుతో రాస్తే, ఏభై ప్రతుల్లో అయిదోది. యంత్రం నుంచి అయిదోదిగా వచ్చిందని అర్థం కాదు. కనుక ఒకటో నంబరుకు ఎక్కువ డబ్బిస్తే వృథా. ప్రతులు పూర్తయ్యాక రేకుపై అడ్డగీతలు గీకి రద్దు చేయడం మంచి పద్ధతి, మనం పాత చెక్కు కొట్టేసినట్టు.

ఒకనాడు ఒక వర్తకుడు నంబరు, సంతకం ఉన్న బాతుల బొమ్మ ఒకటి చూపాడు. మొత్తం 950 ప్రతులట. మావాడు పర్సు తీశాడు. నేను అంచు తడిమాను. రేకు ఒత్తిన పల్లం తగలలేదు. భూతద్దం పెట్టి చూస్తే గీతలకు బదులు ఫోటో అచ్చు చుక్కలు. అదే మాట చెబితే ఆ వర్తకుడు మారు పలకకుండా బొమ్మను మళ్ళీ గోడకు తగిలించుకున్నాడు.